బేకరీకి లాభమెంత?

ఒకావిడ ఏడాదికి 60,000 డాలర్ల ఉద్యోగం మానేసి సొంత భవనంలో బేకరీ పెట్టింది. బ్యాంకులో 4 శాతం వడ్డీ తెస్తున్న 50,000 డాలర్లు తీసి ఓవెన్లూ బల్లలూ కొంది. ఆ భవనాన్ని ఎవరికైనా అద్దెకిచ్చి ఉంటే ఏడాదికి 18,000 వచ్చేవి. మొదటి ఏడాది అమ్మకాలు 2,00,000. పిండి, వెన్న, పనివాళ్ల జీతాలు, కరెంటు, ఓవెన్ల తరుగుదల అన్నీ కలిపి ఖర్చు 1,30,000. లాభమెంత?

కెనడాలోని వాటర్లూలో మొదటి సంవత్సరం చదివే పిల్లలకు ఇలాంటి లెక్క ఒకే వారంలో రెండు క్లాసుల్లో ఎదురవుతుంది. అకౌంటింగ్ క్లాసులో 70,000 లాభం అని రాస్తే పూర్తి మార్కులు. ఎకనామిక్స్ 101లో అదే జవాబు రాస్తే సున్నా. వదులుకున్న జీతం 60,000, రాకుండా పోయిన వడ్డీ 2,000, చేజారిన అద్దె 18,000 తీసేయాలంటారు అక్కడ. 10,000 నష్టం అని తేలుతుంది. ఒకే బేకరీ, ఒకే ఏడాది, ఒకే గల్లాపెట్టె. రెండు జవాబులూ సరైనవే. ఆ రెంటి మధ్య ఉన్న 80,000 డాలర్లు నన్ను చాలాకాలంగా పట్టుకుని వదలడం లేదు.

నేను గుంటూరులో బి.కాం. తెలుగు మీడియంలో చదివాను. చిట్టా, ఆవర్జా, అంకణా అనుకుంటూ నేర్చుకున్నవాటినే ఇక్కడికొచ్చాక జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అంటూ ఉద్యోగంలో రాస్తూ వచ్చాను. శనివారాలు ఆల్బర్ట్ స్ట్రీట్‌లోని పబ్లిక్ లైబ్రరీలో ఒక బల్ల దగ్గర కూర్చుంటాను. వాటర్లూ యూనివర్సిటీ నుంచీ, పక్కనే ఉన్న లారియే యూనివర్సిటీ నుంచీ మన పిల్లలు నలుగురైదుగురు వస్తారు. కొందరు ఇక్కడ పుట్టినవాళ్లు, కొందరు తెనాలి నుంచో ఖమ్మం నుంచో నేరుగా వచ్చినవాళ్లు. అందరిలోనూ ఒకటే తొందర. మంచి మార్కులు రావాలి, చదువు మధ్యలో చేసే కో-ఆప్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు పిలుపు రావాలి. అందుకని జవాబు ముందు చూసి, అక్కడి నుంచి వెనక్కి మెట్లు కట్టుకొస్తారు. అలా చేయొద్దని గట్టిగానే చెబుతాను. మొదటి సంవత్సరపు లెక్కలు చిన్నవే, కానీ అంత శుభ్రమైన లెక్కలు తర్వాత జీవితంలో దొరకవు. ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, దేన్ని వదిలేశామో, ఎందుకు వదిలేశామో కళ్లెదుట కనిపిస్తుంది. ఆఫీసులో చేరాక ఆ అంకెల మీద పది పొరలు కప్పి ఉంటాయి.

ముందు అకౌంటింగ్ పక్షాన మాట్లాడతాను. అది నా పక్షం కాబట్టే కాదు, పిల్లలు దాన్ని తక్కువగా చూస్తారు కాబట్టి. ఎకనామిక్స్‌లో ఆలోచన ఉంది, అకౌంటింగ్‌లో గుమాస్తా పని ఉంది అనుకుంటారు. బేకరీ ఆవిడ వదులుకున్న 60,000 అకౌంటెంటు ఎందుకు రాయడు? అది తెలియక కాదు, దానికి ఓచర్ లేదు గనక. ఆ ఉద్యోగం ఈ ఏడాదంతా ఉండేదని ఎవరు చెప్పగలరు? జీతం పెరిగేదో, కంపెనీయే మూతపడేదో! ఖాతాపుస్తకాన్ని ఆవిడ ఒక్కతే చదువుకోదు. అప్పిచ్చిన బ్యాంకు చదువుతుంది, పన్ను శాఖ చదువుతుంది, రేపు భాగస్తుడిగా చేరబోయేవాడు చదువుతాడు. ఒకరినొకరు నమ్మాల్సిన అవసరం లేకుండానే అందరూ ఒప్పుకునే అంకె కావాలి. 1494లో లూకా పచోలి అనే సన్యాసి, గణితవేత్త వెనిస్‌లో అచ్చువేయించిన పెద్ద గణిత గ్రంథంలో జంటపద్దు విధానం మీద ఒక భాగం రాశాడు. ఆయన కనిపెట్టింది కాదది, అప్పటికే వెనిస్ వర్తకులు పాటిస్తున్నదాన్ని పద్ధతిగా పేర్చాడు. ముక్కూ మొహం తెలియని మనుషులు సముద్రాలకు ఇవతలా అవతలా ఉండి వ్యాపారం చేసుకోవడానికి కుదిరిన ఏర్పాటు అది. జరిగినదాన్నే రాస్తానని పట్టుబట్టడం దాని బలం.

మొన్న ఒక అమ్మాయి ట్రయల్ బ్యాలెన్స్ కలవడం లేదని గంటసేపు కుస్తీ పట్టింది. తేడా 27. ప్రతి పద్దూ మళ్లీ కూడటం మొదలుపెట్టబోతుంటే ఆపాను. “ముందు 9తో భాగించమ్మా” అన్నాను. 27ని 9 భాగిస్తుంది, 3 వస్తుంది. అంటే ఎక్కడో పక్కపక్క అంకెలు రెండు తారుమారయ్యాయని అనుమానించాలి. ఆ రెండు అంకెల మధ్య తేడా 3 అన్నమాట. అమ్మాయి పేజీ పైనుంచి కిందికి చూసుకుంటూ పోయి స్టేషనరీ దగ్గర ఆగింది. జర్నల్‌లో 85, లెడ్జర్‌లో 58. తేడాను 9 భాగించకపోతే సగం చేసి చూడాలి. ఆ సగం మొత్తం ఎక్కడైనా కనిపిస్తే డెబిట్ వైపు రాయాల్సింది క్రెడిట్ వైపు పడిందేమో చూడాలి. అప్పటికీ దొరక్కపోతే పాతకాలపు గుమాస్తాలు ఆ తేడాను అనామతు ఖాతాలో వేసి, దొరికేదాకా దాన్ని మూయనిచ్చేవాళ్లు కాదు. పరీక్ష హాల్లో ఈ 9 ఒక్కటీ గుర్తుంటే సగం భయం పోతుంది.

లెక్క కలిశాక పిల్లలు పెన్ను మూత పెట్టేస్తారు. నేను అక్కడ ఇంకో పావుగంట ఆపుతాను. రెండు వైపులా కలిసిందంటే రెండు వైపులా సమానంగా రాశామని మాత్రమే అర్థం. ఒక అమ్మకాన్ని అసలు రాయనే లేదనుకో, రెండు వైపులా సమానంగానే లేదు. అంకణా చక్కగా కలుస్తుంది. ఓవెన్ కొన్న డబ్బుని రిపేర్ల ఖర్చు కింద రాశావనుకో, అప్పుడూ కలుస్తుంది. లాభం మాత్రం అంతమేరకు తగ్గిపోతుంది, ఆస్తి పుస్తకంలోంచి మాయమైపోతుంది. పెద్ద పెద్ద కంపెనీల మోసాలు బయటపడ్డప్పుడు, వాటి పుస్తకాలు ఏళ్ల తరబడి పైసాతో సహా కలుస్తూనే వచ్చాయని చెబితే పిల్లలు నివ్వెరపోతారు. మన సత్యం కంప్యూటర్స్ సంగతి 2009 జనవరిలో బయటికొచ్చినప్పుడు అదే జరిగింది. లేని నగదు బ్యాంకులో ఉన్నట్టు పుస్తకంలో ఉంది. దానికి తగ్గ ఆదాయం అవతలి వైపూ ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలక్కూడా ఈ కథ తెలియదు, వాళ్లప్పటికి చంటిపిల్లలు. ట్రయల్ బ్యాలెన్స్ పాఠం చెప్పేటప్పుడు నేను దీన్ని వదలను.

ఇక ఎకనామిక్స్ వైపు. బేకరీ లెక్క చేసిన తెనాలి దగ్గరి అమ్మాయి ఒకరోజు అడిగింది. “ఆంటీ, మా నాన్న సొంత పొలంలో వరి వేస్తాడు. అమ్మా నాన్నా ఇద్దరూ పొలంలో పని చేస్తారు. లాభం వచ్చిందని ఒక ఏడాది, రాలేదని ఒక ఏడాది అంటుంటారు. వాళ్లు ఏ లాభం గురించి మాట్లాడుతున్నట్టు?”

ఈ ప్రశ్న మీదే మన దేశంలో ఏళ్ల తరబడి ఉద్యమాలు నడిచాయి, నడుస్తున్నాయి. కేంద్రంలోని వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ పంట ఖర్చును ఒక్క అంకెగా చెప్పదు, కొన్ని మెట్లుగా కడుతుంది. విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలీలకిచ్చింది, ట్రాక్టరు బాడుగ, కౌలుకు తీసుకున్న భూమికి కట్టిన కౌలు, ఇలా రైతు చేతి నుంచి పోయినదంతా ఒక మెట్టు. దాని పేరు ఏ2. ఇంటిల్లిపాదీ చేసిన పనికి కూలి కట్టి కలిపితే రెండో మెట్టు, ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమిని కౌలుకిచ్చి ఉంటే వచ్చే డబ్బూ, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే సీ2. అమ్మాయి కాగితం మీద రాసుకుంటూ మధ్యలో ఆగిపోయింది. బేకరీ భవనం అద్దె 18,000, సొంత డబ్బు మీద వడ్డీ 2,000, ఆవిడ జీతం 60,000, అన్నీ అక్కడే ఉన్నాయి. పేర్లు మారాయంతే.

స్వామినాథన్ అధ్యక్షతన 2004 నుంచి 2006 దాకా పనిచేసిన జాతీయ రైతు కమిషన్, పంటకు ప్రభుత్వం ప్రకటించే మద్దతు ధర సాగు ఖర్చు మీద కనీసం 50 శాతం ఎక్కువ ఉండాలని సిఫారసు చేసింది. ఏ ఖర్చు మీద? తగాదా అంతా అక్కడుంది. 2018లో కేంద్రం ఒకటిన్నర రెట్లు ఇస్తామని బడ్జెట్‌లో ప్రకటించి, రెండో మెట్టు మీద లెక్క కట్టింది. 2024-25లో సాధారణ రకం వరికి ఆ ఖర్చు క్వింటాలుకు 1,533 రూపాయలని తేల్చి, మద్దతు ధర 2,300గా ప్రకటించారు. 1,533కి సగం కలిపి చూస్తే అర్ధ రూపాయి తేడాతో సరిపోతుంది. రైతు సంఘాలు మూడో మెట్టు మీద కట్టమంటున్నాయి. సొంత భూమిలో సాగు చేసే రైతు, ఆ భూమిని కౌలుకిచ్చి ఇంట్లో కూర్చుంటే వచ్చే డబ్బును వదులుకునే కదా దుక్కి దున్నుతున్నాడు! మూడో మెట్టు మీద కడితే ధర ఎంత పెరుగుతుంది, ఆ భారం ఎవరి మీద పడుతుంది అన్నవి న్యాయమైన ప్రశ్నలే, చర్చించుకోవాలి. కానీ ఆ ఖర్చు అసలు లేనేలేదన్నట్టు మాట్లాడటాన్ని నేను ఒప్పుకోను. మొదటి సంవత్సరం పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయి.

కౌలు రైతు సంగతి ఇంకా కష్టం. అతను కౌలు నిజంగానే కడతాడు, కాబట్టి మొదటి మెట్టులోనే ఆ ఖర్చు ఉండాలి. కానీ మా గుంటూరు వైపు డెల్టాలో కౌలు చాలావరకు నోటిమాట మీద నడుస్తుంది. కాగితం రాసిస్తే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో ఇంకోటి వచ్చాయి. రెండో చట్టం ప్రకారం హక్కు పత్రం కావాలంటే యజమాని సంతకం ఉండాలి. చాలామంది సంతకం పెట్టరు. దాంతో చేతి నుంచి పోయిన రొక్కానిక్కూడా ఓచర్ లేకుండా పోతుంది. జరిగినదాన్ని మాత్రమే రాస్తానన్న పుస్తకం, జరిగినదాన్ని సైతం రాయలేని చోటు అది. పిల్లలకు ఇది చెప్పినప్పుడు, వాళ్లలో కనీసం ఒకరైనా పెద్దయ్యాక ఈ పని మీద కూర్చోవాలని మనసారా కోరుకుంటాను.

ఇంటివాళ్ల పనికి ఖరీదెంత అన్న ప్రశ్నను వాటర్లూ పక్కనే చూడొచ్చు, దూరం పోనక్కర్లేదు. సెయింట్ జేకబ్స్ సంతలో మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాల బల్లల మీద మేపుల్ సిరప్, గుమ్మడికాయలు, ఇంట్లో కాల్చిన పైలు ఉంటాయి. బల్ల వెనక తల్లీ కూతుళ్లూ నిలబడి ఉంటారు. ఆ సిరప్ సీసా ధరలో వాళ్ల పొద్దుటి పని ఎంతుందో పిల్లల్ని లెక్కకట్టి చూడమంటాను.

తెనాలి అమ్మాయి అంతటితో ఆగలేదు. పుస్తకంలో ఇంకో లెక్క ఉంది. ఒక విద్యార్థి యూనివర్సిటీలో చేరాడు. ఫీజు, పుస్తకాలు, గది అద్దె, తిండి, వదులుకున్న ఉద్యోగం, వీటిలో ఏవి చదువుకయ్యే అవకాశ వ్యయంలోకి, అంటే చదువు కోసం వదులుకున్నవాటి లెక్కలోకి, వస్తాయి? జవాబు అందరికీ కంఠోపాఠం. తిండీ అద్దే రావు, చదివినా చదవకపోయినా తినాలి, ఎక్కడో ఒకచోట ఉండాలి. అమ్మాయి ఒప్పుకోలేదు. “నేను చదవకపోతే మా ఇంట్లో ఉండేదాన్ని కదా ఆంటీ.” నిజమే. పుస్తకంలోని విద్యార్థి అదే ఊళ్లో పుట్టి పెరిగినవాడు. కెనడా ప్రభుత్వమే 2024లో, బయటి దేశం విద్యార్థి ఒక్కడికి ఏడాది బతుకు ఖర్చుగా 20,635 డాలర్లు చూపించాలంది. అంతకుముందు అది 10,000 ఉండేది. తెనాలిలో ఇంటి అన్నం తిని, ఇంట్లో పడుకుంటే ఏడాదికి అయ్యే ఖర్చు ఇందులో చిన్న ముక్క. మిగతాదంతా చదువు ఖర్చే. పుస్తకం చెప్పిన సూత్రం తిండిని వదిలేయమని కాదు, ఎటూ అయ్యే ఖర్చును వదిలేయమని. ఆ తేడా పట్టుకున్నవాళ్లకు ఈ సబ్జెక్టు వచ్చేసినట్టే.

జవాబులో వదులుకున్న ఉద్యోగం అనే వరుస ఒకటి ఉంది. ఈ ఊరి విషయంలో దానికీ ఒక సవరణ కావాలి. వాటర్లూ యూనివర్సిటీ 1957 జూలైలో 74 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో మొదలైంది, మొదలవడమే కో-ఆప్ పద్ధతిలో మొదలైంది. ఇప్పుడు నాలుగు నెలలు చదువు, నాలుగు నెలలు ఉద్యోగం. చదువు కోసం జీతాన్ని పూర్తిగా వదులుకోనక్కర్లేదన్నమాట. కానీ పని చేసిన నెలల వల్ల డిగ్రీ చేతికి రావడం ఆలస్యమవుతుంది, పెద్ద జీతం అంత వెనక్కి జరుగుతుంది. దాన్నీ లెక్కలో వేసుకోవాలి. మేము వేసి చూశాం. అయినా కో-ఆప్ వైపే మొగ్గింది.

కట్టిన ఫీజుని మునిగిన ఖర్చు అంటారు. ఇక దాని గురించి ఆలోచించొద్దని పుస్తకం చెబుతుంది. ఆ ఫీజు వెనక బ్యాంకు అప్పు ఉంటే, ఆ అప్పు వెనక పొలం కాగితాలు ఉంటే? చదువులో ఉండిపోయినా, మానేసి వెళ్లిపోయినా వాయిదా కట్టాల్సిందే. రెండు దారుల్లోనూ ఒకటే గనక నిర్ణయంలోంచి అది తప్పుకుంటుంది. ఏ దారిలో కట్టగలిగే స్తోమత వస్తుందన్నది మాత్రం తప్పుకోదు. పిల్లలు ఈ రెంటినీ కలిపేసుకుని రాత్రిళ్లు నిద్ర పాడుచేసుకోవడం నేను చూశాను. కాగితం మీద రెండు వరుసలుగా విడదీసి చూపిస్తే కొంత ఊపిరి పీల్చుకుంటారు.

ఇందాక గది అద్దె మాట వచ్చింది గనక ఒక్క సంగతి. ఒంటారియోలో పాత ఇళ్ల అద్దెను 2025లో 2.5 శాతం మించి పెంచకూడదన్నారు. 2018 నవంబరు 15 తర్వాత కొత్తగా జనం చేరిన ఇళ్లకు ఇలాంటి పరిమితి లేదు. ఉన్న మనిషి ఖాళీ చేసి వెళితే కొత్త మనిషికి ఎంతైనా చెప్పొచ్చు. 2024 జనవరిలో విద్యార్థి వీసాలకు కెనడా కేంద్ర ప్రభుత్వం కోత పెట్టాక గిరాకీ తగ్గి, కొత్త అద్దెలు దిగొచ్చాయి. ధరకు పైకప్పు వేసిన బొమ్మను పరీక్షలో గీసేటప్పుడు ఇవన్నీ గుర్తుంచుకోమంటాను. పుస్తకంలో పైకప్పు ఒక్కటే గీత.

ఇక్కడి పుస్తకాల్లో ఎక్కడా లేని లెక్క ఒకటి నేనే ఇస్తాను, చీటీ పాట. మొదటి సంవత్సరపు రెండు కోర్సులూ అందులోనే ఉన్నాయి. 20 మంది, నెలకు 5,000 రూపాయలు, 20 నెలలు. నెలకు లక్ష పోగవుతుంది. ఆరో నెలలో ఒకరికి డబ్బు అత్యవసరమై 22,000కి పాడారు. వాళ్లకు 78,000 చేతికొస్తుంది. ఆ 22,000లో చీటీ నడిపేవారి కమిషన్ 5,000 పోను, 17,000ను ఇరవై మందికీ పంచితే తలా 850. ఆ నెల అందరూ 4,150 కడతారు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం కమిషన్ 5 శాతం దాకా ఉండేది, 2019 సవరణలో 7 శాతం దాకా పెంచారు. డబ్బు అవసరం ఎవరికి ఎంతుందో బ్యాంకు మేనేజరు అడగక్కర్లేదు, పాటలోనే బయటపడుతుంది. డబ్బుకు ధర పలకడమంటే ఏమిటో ఇంతకంటే దగ్గరగా చూపించే లెక్క నాకు తెలియదు.

దీని పద్దులు రాయడం పిల్లలకు మహా ఇష్టం. పాట పాడేదాకా కట్టిన వాయిదాలన్నీ ఆస్తి. పాడి డబ్బు తీసుకున్న మరుక్షణం మిగిలిన 14 వాయిదాలూ అప్పు. ఒకే మనిషి, ఒకే చీటీ, ఒక్క సాయంత్రంలో పద్దు ఈ వైపు నుంచి ఆ వైపుకు దాటుతుంది. వడ్డీ రేటు కట్టడం మాత్రం కష్టమైంది. రాబోయే నెలల్లో పాట ఎంతకు పోతుందో ముందు తెలియదు కదా! మూడు రకాలుగా ఊహించుకుని మూడు రేట్లు కట్టారు.

చివరికి వాదన ఆ 850 దగ్గర తెగలేదు. అది ఆదాయమని ఖమ్మం అబ్బాయి. కాదు, వాయిదా తగ్గింపని నేను. తెనాలి అమ్మాయి కాసేపు ఊరుకుని, చీటీ ఇంకా పాడనివాళ్లకు అది తమ డబ్బు మీద వచ్చిన వడ్డీ, పాడేసినవాళ్లకు తమ అప్పు ఖర్చులో తగ్గింపు, ఒకే 850కి రెండు పద్దులు రాయాలి అంది. ఆ వాదన నాకు నచ్చింది. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ కాదనడానికి కారణం దొరకడం లేదు. వచ్చే శనివారానికి ఇరవయ్యో నెలదాకా పాడకుండా ఆగిన సభ్యుడి ఖాతా మొత్తం రాసుకురమ్మన్నాను. ఆఖరున 95,000 అందుకుంటాడతను. నెలనెలా కట్టిన డబ్బునే బ్యాంకులో వేసుకుని ఉంటే ఎంతయ్యేదో పక్క వరుసలో కట్టమన్నాను.